మెత్తని ప్రతిధ్వని

తెప్పలవలస, ఒకటో తెప్ప, సోనార్ గది
రాస్తున్నది: గనగళ్ళ నూకరత్నం

4,117వ నమోదు. సోమవారం ఉదయం

ఈ పుస్తకంలో సమయం, దిక్కు, దూరం తప్ప ఇంకేమీ రాయకూడదని అట్ట లోపల ముద్రించి ఉంది. పదకొండేళ్ళుగా ఆ నియమం పాటించాను. ఇవాళ పాటించను. నాకు కోపంగా ఉంది. ఆ కోపం ఎక్కడో ఒకచోట నమోదు కావాలి.

ఆరుంపావుకు ఆగ్నేయ దిక్కు నుంచి ప్రతిధ్వని వచ్చింది, సోనార్ నీళ్ళలోకి కూత వేసిన సరిగ్గా మూడు సెకన్లకు. మా నీళ్ళలో శబ్దం సెకనుకు పదిహేను వందల నలభై మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే పోయినదీ వచ్చినదీ కలిపి. సగం చేస్తే రెండు వేల మూడు వందల పది మీటర్లు. అంత దూరంలో గట్టి వస్తువేదో ఉంది. శనివారం అక్కడ ఏమీ లేదు.

ఊరి పాలన చూసే మండలి పర్యవేక్షకులు త్రినాథరావు గారికి చెప్పడానికి వాళ్ళ ఆఫీసు పడవకు వెళ్ళాను. ఆయన టిఫిన్ చేస్తున్నారు.

"చేపల గుంపై ఉంటుందమ్మా."

"గుంపైతే ప్రతిధ్వని చెదిరి, సాగదీసినట్టు వస్తుందండి. ఇది ఒక్క దెబ్బ. ఇనుము మీద తగిలినట్టుంది."

"అయితే పాత ఓడ."

"పాత ఓడ శనివారం లేదు కదండీ."

ఆయన చేయి కడుక్కుని, తువ్వాలు తీసుకుని, నా వైపు చూడకుండానే అన్నారు. "చేపలు అని రాయండి."

రాశాను. దూరం పక్కన నా చేత్తోనే 'చేపలు' అని రాశాను.

నలభై రెండు తెప్పల మీద పదకొండు వందల మందిమి బతుకుతున్నాం. ఒక్కో తెప్పకు నాలుగు గొలుసులు. ఆ గొలుసులన్నీ కింద సముద్రం అడుగునున్న నల్లదిబ్బలో పాతిన లంగర్లకు కట్టి ఉన్నాయి. నీటిలో కొట్టుకొచ్చే పాత కంటైనరో, విరిగిన స్తంభమో ఒక గొలుసును తెంపితే చాలు, తెప్ప జనంతో సహా పెద్ద సముద్రంలోకి పోతుంది. అందుకే ఈ గది. అందుకే నేను. చేపలు లెక్కపెట్టడానికి కాదు.

4,118వ నమోదు. బుధవారం, మధ్యాహ్నం రెండు

ఇవాళ కూతపెట్టె పైకి తీసి శుభ్రం చేసే రోజు. నీళ్ళలో ఉండి కూత వేసేదీ, ప్రతిధ్వని వినేదీ ఈ డబ్బాయే. పదిహేను రోజులు వదిలేస్తే నత్తగుల్లలు పట్టేస్తాయి. చెక్క పలకతో గీకాలి. ఇనుము తగిలితే లోపలి పింగాణీ బిళ్ళలు చిట్లుతాయి.

నేను గీకుతుంటే ఎర్రాజి పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. కారి ఎర్రాజమ్మ, మా అమ్మ చెల్లెలు. యాభై మూడేళ్ళు. ఊరి గొలుసులన్నీ దిగి చూసేది ఆవిడే. నడుముకు సీసం పట్టీ, నోట్లో గాలి గొట్టం, చేతిలో సుత్తి. ఇరవై ఏడేళ్ళుగా అదే పని.

"ఒలే రత్నం, ముప్పై ఒకటో తెప్ప గొలుసు వదులైపోనాదే. మొన్న బిగించినాను, మల్లీ వదులైపోనాది. లంగరు జారతన్నట్టుంది."

"జారడమేంటి పిన్నీ? నల్లదిబ్బ గట్టి నేల కదా."

"గట్టిదే. ఇప్పుడేటో మెత్తబడతన్నాది. కాలు పెడితే దిగబడతన్నాది."

కూతపెట్టెను మళ్ళీ దించి ఆగ్నేయం వైపు తిప్పాను. ఆ వస్తువు ఉంది. రెండు వేల నూట యాభై ఆరు. రెండు రోజుల్లో నూట యాభై నాలుగు మీటర్లు దగ్గరికి వచ్చింది.

అప్పుడు దూరం వదిలేసి స్వరం విన్నాను. నా కూత సెకనుకు పన్నెండు వేల కంపనాలు. కదలని రాయికి తగిలితే అదే పన్నెండు వేలు తిరిగి వస్తుంది. మన వైపు వచ్చేదానికి తగిలితే స్వరం కొంచెం హెచ్చుతుంది, దూరంగా పోయేదానికి తగిలితే తగ్గుతుంది. దీని నుంచి పన్నెండు వేల ఎనిమిది వచ్చింది. పావుగంట తరువాత పదకొండు వేల తొమ్మిది వందల తొంభై రెండు. మరో పావుగంటకు మళ్ళీ పన్నెండు వేల ఎనిమిది.

మధ్యాహ్నం దాకా అదే వరస. సెకనుకు అర మీటరు చొప్పున వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. పొలంలో నాగలి చాళ్ళు తీసినట్టు. ప్రతి చాలూ ముందుదానికంటే కొంచెం మా దగ్గరికి.

ఏ చేపా అలా తిరగదు. ఏ ఓడ శిథిలమూ తిరగదు. అలా తిరిగేది సాగరఖని కంపెనీ వాళ్ళ తవ్వుడు యంత్రం. మునిగిపోయిన తీరంలో నల్ల ఇసుక తవ్వుకుంటామని పోయినేడాది మండలితో ఒప్పందం చేసుకున్నారు. ఊరికి ఐదు కిలోమీటర్ల లోపలికి రామని కాగితం మీద సంతకం పెట్టారు.

నల్లదిబ్బ నల్ల ఇసుకే. నాకు ఇప్పుడు తట్టింది.

4,120వ నమోదు. గురువారం, మధ్యాహ్నం మూడు

తెర మీద నుంచి మాయమైంది.

ఉదయం వరకు రెండు వేల మీటర్ల దగ్గర కనబడింది. ఎండ ముదిరాక కనబడడం లేదు. త్రినాథరావు గారు తమంతట తామే గదికి వచ్చి, ఖాళీ తెర చూసి, "చూశారా, ఈదుకుంటూ పోయాయి" అని నవ్వి వెళ్ళారు.

కానీ నేను చదువుకున్నదాన్ని. ఎండకు పైనీరు వేడెక్కుతుంది, కింద చల్లనీరు ఉంటుంది. వేడి నీటిలో బయలుదేరిన కూత ఆ రెండూ కలిసే చోట కిందికి వంగిపోతుంది. ఆ వంపు అవతల ఒక నీడ ఏర్పడుతుంది. అందులో కొండ ఉన్నా కనబడదు.

పిన్ని కొడుకు దానయ్యను పిలిచాను. తెప్పల మీద గొలుసులు లాగే చక్రాలన్నీ వాడి చేతిలోనే ఉంటాయి. ముప్పై ఏళ్ళ వాడు, మాట తక్కువ. అక్కనైన నన్ను 'అప్పా' అంటాడు.

"కూతపెట్టెకి ఇంకో నలభై మీటర్ల తాడు కట్టాలి రా. చల్లనీటిలోకి దించాలి."

"మండలోళ్ళు ఒప్పుకున్నారేటప్పా?"

"అడగలేదు."

వాడు వెళ్ళి తాడు తెచ్చాడు. ముప్పై మీటర్ల లోతుకు దించి కూత వేశాను.

పద్దెనిమిది వందల నలభై ఎనిమిది. ఉదయం కంటే ఇంకా దగ్గర. నీడ చాటున వేగంగా తవ్వుకుంటూ వస్తోంది.

4,121వ నమోదు. శుక్రవారం, సాయంత్రం నాలుగు

ఒక్క చోటి నుంచి కొలిస్తే 'నీ పరికరం తప్పు' అంటారు. అందుకని ఇవాళ రెండు చోట్ల నుంచి కొలిచాను. పొద్దున్న ఒకటో తెప్ప నుంచి. తరువాత కూతపెట్టెను దానయ్య పడవలో వేసుకుని, తొమ్మిది వందల మీటర్ల అవతల ఉన్న నలభై రెండో తెప్పకు తీసుకెళ్ళి అక్కడి నుంచి. ఒక్కో దూరానికి పటం మీద ఒక్కో వలయం గీశాను. రెండు వలయాలు రెండు చోట్ల కలుస్తాయి. ఒకటి తీరం వైపు, మోకాలి లోతు నీళ్ళలో. అక్కడ అంత యంత్రం ఉండదు. మిగిలింది ఒక్క చుక్క. నల్లదిబ్బ అంచు నుంచి తొమ్మిది వందల మీటర్లు.

పటం పట్టుకుని ఆఫీసు పడవకు వెళ్ళాను. త్రినాథరావు గారు తమ తెర నా వైపు తిప్పారు. అందులో కంపెనీ యంత్రం పచ్చ చుక్కలా మెరుస్తోంది. పక్కన 5,200 అని అంకె.

"యంత్రం ఎక్కడుందో యంత్రమే చెబుతోంది. మీరు కాదంటున్నారు."

"అది చెప్పేది వాళ్ళు చెప్పమన్న మాటండి. నేను చెప్పేది దానికి తగిలి వచ్చిన శబ్దం."

"నూకరత్నం గారూ, మీరొక ఉద్యోగి. కంపెనీతో తగవు తీర్చడం మీ పని కాదు."

"ఊరిని కాపలా కాయడం నా పని."

ఆయన తెరను తమ వైపు తిప్పుకున్నారు. గంటలో మండలి పంపిన మనిషి వచ్చాడు. నా సోనార్‌లో ఆగ్నేయం నుంచి వచ్చే ప్రతిధ్వనులన్నీ చెరిపేసే జల్లెడ పెట్టాడు. కూత శక్తిని పెంచే మీట మీద లక్క సీలు వేశాడు. పని చేస్తున్నంతసేపూ 'సారీ అక్కా' అంటూనే ఉన్నాడు. వాడి మీద అరిచాను. అరవాల్సింది వాడి మీద కాదు.

ఇప్పుడు నా తెర మీద ఆగ్నేయం శుభ్రంగా ఉంది.

4,122వ నమోదు. శనివారం

ఉదయం ఎనిమిదింటికి పిన్ని గదికి వచ్చింది. సీసం పట్టీ కట్టుకుని ఉంది.

"ముప్పై ఒకటోది పూర్తిగా వదిలేసినాదే. ఎల్లి సూసొత్తాను."

"వద్దు పిన్నీ. అక్కడ యంత్రం ఉంది. నిన్న తొమ్మిది వందల మీటర్లు. ఇవాళ ఎంతో నాకు తెలీదు. నన్ను గుడ్డిదాన్ని చేశారు."

"లంగరు సూడకపోతే ఆ తెప్ప మీద ఇరవయ్యారు మంది ఉన్నారు, ఆలేటి సేస్తారు? దిగి, కళ్ళతో సూసి, పైకొచ్చి సెప్తాను. నీ గీతలు నమ్మనోళ్ళు నా మాటైనా నమ్మాలి కదా."

తొమ్మిదింటికి దానయ్య పడవలోంచి దిగింది. మనిషి నీళ్ళలో ఉన్నప్పుడు కూత వేయకూడదు. అంత దగ్గరలో అంత శబ్దం చెవులనూ ఊపిరితిత్తులనూ చీలుస్తుంది. ఆ ఒక్క నియమం నేను ఎప్పుడూ తప్పలేదు. సోనార్ ఆపేశాను. ఆపి, కిటికీలోంచి దూరంగా పడవను చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదీ పద్దెనిమిదికి దానయ్య నిలబడ్డాడు. తాడు లాగుతున్నాడు. రావడం లేదు. గాలి గొట్టం లాగాడు. అది తెగి వచ్చింది. వాడు నీళ్ళలో దూకడం చూశాను. నీళ్ళు నల్లగా మరిగినట్టు పైకి లేచాయి.

వాడు నాలుగుసార్లు మునిగి తేలాడు. ఐదోసారి మిగతావాళ్ళు పట్టుకుని ఆపారు.

దిబ్బ అంచు కూలిందన్నాడు. కింద ఇల్లంత గొయ్యి ఉందన్నాడు.

4,123వ నమోదు. సోమవారం

మండలి పుస్తకంలో రాసిన వాక్యం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. 'కారి ఎర్రాజమ్మ, 53. వయోభారం వల్ల నీటిలో ఊపిరి ఆగి మరణం. శరీరం లభ్యం కాలేదు. తదుపరి ఉత్తర్వుల వరకు ఆ ప్రాంతంలో దిగరాదు.'

వయోభారం! పోయిన నెల తుఫానులో పద్నాలుగు గొలుసులు ఒక్కతే బిగించిన మనిషి.

ముప్పై ఒకటో తెప్పలోని ఇరవై ఆరుగురినీ పక్క తెప్పల మీదికి మార్చారు. ఖాళీ తెప్ప మూడు గొలుసుల మీద వంకరగా ఊగుతోంది.

4,124వ నమోదు. మంగళవారం ఉదయం

దానయ్య పడవలో గునపం, రెండు గాలి సీసాలు పెట్టుకుంటుంటే వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో అప్పా. ఎల్లి దాని పళ్ళు ఇరిసేసి వస్తాను."

"అది రెండు తెప్పలంత ఉంటుంది. నువ్వు గునపంతో ఏం చేస్తావు?"

"ఏటో ఒకటి సేస్తాను! ఊరికే కూకోమంటావేటి? మాయమ్మ ఆ కింద ఉంది. దాని మీద అది తిరుగుతాది. నాకు పైన బువ్వ దిగుతాదేటి?"

ఇద్దరం పడవ అంచున కూర్చున్నాం. ఎదురుగా మండలి నోటీసు పలక. పోయినేడాది కంపెనీ వాళ్ళు అంటించిన రంగుల కాగితం ఇంకా ఉంది. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను, చదవలేదు. 'ప్రజలు భయపడనవసరం లేదు. మా యంత్రం నీటిలోని శబ్ద సంకేతాల ద్వారా తల్లి ఓడతో నిరంతరం మాట్లాడుతుంది. ఇరవై నిమిషాలు సంకేతం అందకపోతే పని ఆపి తనంతట తానే పైకి తేలుతుంది.'

నీళ్ళలో రేడియో పనిచేయదు. అదీ శబ్దంతోనే మాట్లాడాలి. దాని సంకేతాలు నా చెవిలో చాలాసార్లు పడ్డాయి. నా కూత స్వరమూ దాని స్వరమూ ఒకటే. పక్కన ఎవరో గొంతు చించుకుని అరుస్తుంటే ఇద్దరు మాట్లాడుకోలేరు.

"దానయ్యా, గునపం దించు. నేను అరుస్తాను."

ఊరి పెద్ద ఓలేసు మావయ్య దగ్గరికి వెళ్ళాం. అంతా విని గడ్డం రుద్దుకున్నాడు.

"నీ పెట్టె తట్టుకుంటాదేటే?"

"తట్టుకోదు మావయ్యా. ఇరవై నిమిషాలు ఆపకుండా పూర్తి శక్తితో కూస్తే బిళ్ళలు పగిలిపోతాయి. ఆ తరువాత ఊరికి చెవులుండవు. కొట్టుకొచ్చే వాటిని కళ్ళతోనే కాసుకోవాలి."

"ఇప్పుడు మాత్రం ఉన్నాయేటి చెవులు? జల్లెడెట్టి మూసేసినారు కదా." లేచి నిలబడ్డాడు. "ఎవల్నీ నీళ్ళలో దిగనియ్యను. ఎప్పుడో సెప్పు."

4,126వ నమోదు. గురువారం. ఉదయం జరిగినది, మధ్యాహ్నం రాస్తున్నాను

ఏడింటికి నలభై రెండు తెప్పల మీదా మనుషుల్ని లెక్కపెట్టారు. అందరూ పైన ఉన్న తెప్ప మీద తెల్లగుడ్డ ఎగరేయాలి. నలభై గుడ్డలు లేచాయి. ఖాళీ తెప్పకు గుడ్డ అక్కర్లేదు. పందొమ్మిదో తెప్ప మీద మాత్రం లేవలేదు. అక్కడొకామె పీతల బుట్ట తీయడానికి మెడ లోతు నీళ్ళలో ఉందట. ఆమె పైకి ఎక్కి, జుట్టు పిండుకుని, తన చీర కొంగే పైకెత్తి ఊపింది.

ఎనిమిదింటికి లక్క సీలు పగలగొట్టాను. వేలికి గాటు పడింది.

ఒక్కసారిగా గట్టిగా మొదలుపెట్టలేదు. పది నిమిషాలు చిన్నగా వేసి, మెల్లగా పెంచాను. దగ్గరలో గాదులు, అంటే డాల్ఫిన్లు, ఉంటే తప్పుకోవాలని. ఐదు గాదులు వీపులు చూపిస్తూ ఉత్తరానికి పోవడం పై నుంచి ఎవరో చూసి కేకేశారు.

తరువాత మీట చివరిదాకా తోశాను.

కూత కాదు అది. తెప్ప చెక్కలు మోగాయి. నీళ్ళకుండలో నీళ్ళు వణికాయి. నా దవడ ఎముకల్లో మోగింది. ఐదో నిమిషానికి తలుపు మీద దబదబా కొట్టారు.

"ఆపండి! ఇది నేరం! మీ ఉద్యోగం పోతుంది!" త్రినాథరావు గారి గొంతు.

తలుపు బయట దానయ్య ఉన్నాడు. వాడి మాట వినబడింది. "బాబూ, మీరు పెద్దోళ్ళు. మిమ్మల్ని ముట్టుకోను. తలుపు మాత్రం తియ్యను."

పన్నెండో నిమిషానికి గదిలో కాలిన వాసన. పదిహేడో నిమిషానికి ఒక బిళ్ళ పగిలిన చప్పుడు, అర నిమిషానికి ఇంకొకటి. మిగిలిన వాటితోనే కూశాను. చేతిని మీట మీద నుంచి తీయలేదు. ఆ సమయంలో పిన్ని గురించి ఆలోచించానని చెబితే అబద్ధం. 'చేపలు' అని రాసిన నా చేతిరాత గురించి ఆలోచించాను.

ఇరవై ఒకటో నిమిషంలో పెట్టె చచ్చిపోయింది. ఆ తరువాత ఊరంతా ఒక్కసారి అరిచింది.

తలుపు తీసి బయటికి వచ్చాను. ఆగ్నేయాన నీళ్ళు ఉబ్బి, విడిపోయి, పసుపురంగు యంత్రం పైకి తేలింది. ఇరువైపులా ఇసుక నీళ్ళు కారుతున్నాయి. అంత పెద్దదని నాకు కూడా తెలియదు.

ఓలేసు మావయ్య త్రినాథరావు గారిని చేయి పట్టుకుని పడవ ఎక్కించాడు. "రండి బాబూ, కొలుద్దుం." నల్లదిబ్బ అంచున ఉన్న తేలుడు డబ్బా నుంచి యంత్రం దాకా తాడు వేసి కొలిచారు. అందరూ పైకి లెక్కపెట్టారు. తెచ్చిన వంద మీటర్ల తాడు పూర్తిగా అక్కర్లేకపోయింది.

డెబ్బై మూడు మీటర్లు.

ఆఫీసు పడవలో పచ్చ చుక్క పక్కన ఇంకా 5,200 అనే ఉంది. ఇద్దరు వెళ్ళి చూసి వచ్చారు.

4,127వ నమోదు. అదే రోజు, సాయంత్రం నాలుగు

దాన్ని లాక్కొచ్చి ముప్పై ఒకటో తెప్పకు కట్టేశాం. త్రినాథరావు గారు 'కంపెనీ ఆస్తి, ముట్టుకోవద్దు' అని రెండుసార్లు అన్నారు. మూడోసారి అనలేదు.

యంత్రం ముక్కు మీద ఒక సోనార్ ఉంది. అడ్డంకులు చూసుకోవడానికి. దాని వెనక మూత ఉంటే దానయ్య నాలుగు బోల్టులూ విప్పాడు. లోపల చిన్న తెర. సోనార్లన్నీ నమోదు రాసే తీరు ఒకటే: సమయం, దిక్కు, దూరం. ఇందులో ఇంకో రెండు గడులు ఎక్కువ ఉన్నాయి. వస్తువు ఏమిటి, ఏం చేయాలి.

శనివారానికి వెనక్కి తిప్పాను. తొమ్మిదీ పదహారు.

అరవై రెండు మీటర్లు. వస్తువు: మెత్తనిది, రెండు మీటర్లలోపు, కదులుతోంది. నిర్ణయం: కొనసాగించు.

నలభై ఎనిమిది మీటర్లు. మెత్తనిది. కొనసాగించు.

ముప్పై ఐదు. కొనసాగించు.

ఇరవై ఒకటి. ఇక్కడ దిక్కు మారింది. పిన్ని చూసి ఉంటుంది. పక్కకు తప్పుకుంది. దిబ్బ గోడ వైపు. ఇంకెటు పోతుంది, రెండో వైపు గొయ్యి.

పద్నాలుగు. కొనసాగించు.

తొమ్మిది. కొనసాగించు.

తరువాత వరస: వస్తువు లేదు.

అరవై రెండు నుంచి తొమ్మిదికి నూట ఆరు సెకన్లు. ఆ యంత్రం ఆగడానికి నాలుగు మీటర్లు చాలని తెర పక్కనే చెక్కి ఉంది. పిన్నికి దెబ్బ తగులుతుందని నేను నా సోనార్ ఆపేసుకుని గుడ్డిగా కూర్చున్నాను. ఇది చూస్తూనే ఉంది. సెకనుకు రెండుసార్లు చూస్తూ, కొలుస్తూ, వచ్చింది.

ఇదంతా నేను పైకి చదివాను. గొంతు వణకలేదు. కోపం అంత ఎక్కువైతే వణకదని ఇవాళ తెలిసింది.

నిర్ణయం గడి మీద నొక్కితే నియమం కనబడింది. 'మెత్తని ప్రతిధ్వనికి ఆగనవసరం లేదు. పని నష్టం.' కింద పేర్లు రెండు. రాసినది కంపెనీ ఇంజనీరు శ్రీవత్స. ఆమోదించినది త్రినాథరావు.

"మెత్తనిదంటే... చేపలే అనుకున్నాం" అన్నారు త్రినాథరావు గారు. తెప్ప చివర నిలబడి ఉన్నారు.

దానయ్య ఆయన దగ్గరికి నడిచాడు. వాడు చేయి ఎత్తలేదు.

"మాయమ్మ సేపా బాబూ?"

ఆయన కింద కూర్చుండిపోయారు. ఎవరూ లేపలేదు.

4,131వ నమోదు. బుధవారం

కంపెనీ ఓడ ఆదివారం వచ్చింది. యంత్రం ఇవ్వమన్నారు. ఓలేసు మావయ్య రెండు షరతులు చెప్పాడు. ఒకటి, ఇసుక లోపలికి చూడగల సోనార్ మీ దగ్గర ఉంది, దానితో ఎర్రాజమ్మను వెతికి చూపించాలి. రెండోది తరువాత చెబుతామన్నాడు.

నిన్న వెతికారు. వాళ్ళ పడవలో నన్నూ కూర్చోబెట్టుకున్నారు. కూర్చోబెట్టకపోతే కదలనివ్వమని ఊరు చెప్పింది. మొదటి చాలులోనే తగిలింది. రెండున్నర మీటర్ల ఇసుక కింద, చిన్న గట్టి మెరుపు. నడుముకు కట్టుకున్న సీసం.

దానయ్య, మరో ముగ్గురు దిగి చేతులతో తవ్వి తెచ్చారు. పిన్ని చేతిలో సుత్తి లేదు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాయి. ఇవాళ పొద్దున్న సాగనంపాం.

నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. త్రినాథరావు గారిని పిలిపించుకుని విచారణ చేస్తున్నారట. కంపెనీ మిగతా యంత్రాలు పన్నెండు కిలోమీటర్లు వెనక్కి పోయాయట. నేను లెక్కకట్టి చూడలేను. పెట్టె లేదు. ఆగ్నేయం వైపు తెప్పల మీద వంతులు వేసుకుని మనుషులు కళ్ళతో కాస్తున్నారు. ఈ పుస్తకం మాత్రం ఇవ్వలేదు. అడిగారు, ఇవ్వనన్నాను.

4,140వ నమోదు. శుక్రవారం ఉదయం

రెండో షరతు ఇది: ఆ నియమం రాసిన మనిషి వచ్చి, మా అందరి ముందు, యంత్రం తెర మీదున్నది తన నోటితో పైకి చదవాలి. అప్పుడే యంత్రం ఇస్తాం.

కంపెనీ వాళ్ళు తొమ్మిది రోజులు ఒప్పుకోలేదు. క్షమాపణ పత్రం పంపారు. పెద్ద ఆఫీసరు వస్తానన్నాడు. కొత్త కూతపెట్టె ఇస్తామన్నారు. ఓలేసు మావయ్య అన్నిటికీ ఒకే జవాబు చెప్పాడు. "రాసినోడే రావాలి."

ఇవాళ వచ్చాడు శ్రీవత్స. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, కళ్ళజోడుతో, బడిపంతులులా ఉన్నాడు. రాక్షసుడు వస్తాడనుకున్నాను కాబోలు, ఆ మామూలు ముఖం చూసి నా కోపం ఇంకా పెరిగింది.

ముప్పై ఒకటో తెప్ప మీద నిలబడే చోటు లేదు. చుట్టూ పడవల్లో జనం. దానయ్య మూత తీసి పక్కకు జరిగాడు. శ్రీవత్స తెర మీదకు వంగాడు.

"తొమ్మిదీ పదహారు. అరవై రెండు మీటర్లు. మెత్తనిది. కొనసాగించు." గొంతు సవరించుకున్నాడు. "నలభై ఎనిమిది మీటర్లు. మెత్తనిది. కొనసాగించు."

ముప్పై ఐదు దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మా వైపు తిరిగి, "ఇక చాలండీ. నాకు తెలుసు. నాకు అర్థమైంది" అన్నాడు.

ఇంకా ఐదు వరసలున్నాయి.

"చదవండి" అన్నాను.